గండయ్య చెయ్యి ఆగిన చోటు

శామీర్‌పేట దగ్గరి పశువుల దవాఖానలో గండయ్య కంపౌండర్. కాగితం మీద ఆ ఉద్యోగానికి ఇంకేదో పొడుగాటి పేరుంది గానీ, చుట్టుపక్కల ఏడూళ్లకు ఆయన డాక్టర్ సాబే. అసలు డాక్టర్లు వచ్చేవారు, పట్నానికి బదిలీ చేయించుకుని పోయేవారు. గండయ్య మాత్రం ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఎదకొచ్చిన ఆవులకు సూది వేయడంలో, అంటే ఆబోతు వీర్యం ఎక్కించి చూడి కట్టించడంలో, తనకు సాటి లేదని ఆయన నమ్మకం. చూడి కడితే అది తన చేతి చలవ. కట్టకపోతే ఆవు రాత.

1998లో పాలమ్ముకుని బతికే సకీనా జెర్సీ ఆవు ఆ నమ్మకానికి పరీక్ష పెట్టింది. పూటకు ఏడు లీటర్లిచ్చే ఆవు. దాని పాలు పట్నం అంచున ఉన్న సుచిత్ర దాకా పోయేవి. ఈనిన మూడో నెల నుంచి తీరు మారింది. మూడు వారాలకోసారి రావలసిన ఎద వారం తిరక్కుండానే వచ్చేది. ఆబోతులా రంకె వేసేది, పక్కింటి బర్రెల మీదికి ఎగబడేది. తోక మొదలు పైకి లేచి, దాని పక్కన గుంటలు పడ్డాయి. ఎదకొచ్చిందని కబురందినప్పుడల్లా గండయ్య వెళ్లి సూది వేసి వచ్చాడు. ఆరోసారి కూడా కట్టకపోయేసరికి కొట్టం వాకిలి దిక్కు మంచిది కాదని తేల్చాడు. డాక్టర్ చెప్పాడంటే అదీ మందే అనుకుని సకీనా గోడ పగలగొట్టించి వాకిలి తూర్పుకు పెట్టించింది. ఆవు తూర్పు వాకిట్లో నిలబడి రంకె వేసింది.

ఏడోసారి గండయ్య వస్తే సకీనా ఆవుకు అడ్డం నిలబడింది.

"డాక్టర్ సాబ్, దినాం ఎదంటే గది ఎద కాదు, బీమారి. జర లోపల ఏమున్నదో చూడున్రి."

గండయ్యకు ఆ మాట ముల్లులా దిగింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కూడా చేతులెత్తేస్తే చూడాలని, పంతానికి ఆవును ఆమె దగ్గరికే తోలించాడు. ఆమె చేతికి పొడుగు తొడుగు వేసుకుని లోపల తడిమి చూసింది. తర్వాత గండయ్యనూ చూడమంది. ఆయన చెయ్యి అలవాటుగా గర్భసంచి మూతి దాకా పోయి ఆగింది. సూది వేయడానికి అంతవరకు చాలు; ఇరవై ఏళ్లలో వేల ఆవుల్లో అది అక్కడే ఆగింది. ఇంకా ముందుకు పొమ్మందామె. ఎడమ పక్కన అండాశయం మీద నిమ్మకాయంత నున్నటి బుగ్గ, నీటి బుడగలాంటిది, తగిలింది.

"అది నీటి తిత్తి, గండయ్యగారూ. ఆ బుగ్గ పగిలితేనే అండం బయటికొస్తది. పగలమని చెప్పే హార్మోన్ సరిగ రాలేదు. బుగ్గ ఉబ్బుకుంట పోతాంది, ఆవు ఎదకొస్తనే ఉంది. అండం రానిది మీ సూది ఏం చేస్తది?"

ఆమె హార్మోన్ ఇంజక్షన్ ఇచ్చింది. నెల తిరిగేలోగా ఆవు పద్ధతిగా ఎదకొచ్చి, అప్పుడు వేసిన మొదటి చూడి సూదికే కట్టింది.

గండయ్య రెండు రోజులు సిగ్గుపడ్డాడు. మూడో రోజుకు ఆ సిగ్గు విద్యగా మారింది. ఇక ఏ ఆవును చూసినా తిత్తే. పాలు తగ్గితే తిత్తి, దగ్గితే తిత్తి. టీకొట్టు దగ్గర హార్మోన్ అనే మాటను తానే కనిపెట్టినట్టు పలికేవాడు.

ఇంతలో మేడ్చల్ నుంచి జంగయ్య అనే రైతు, ఎదకే రావడం లేదని తన ఆవును తోలుకొచ్చాడు. లోపల తడిమిన గండయ్య ముఖం వెలిగిపోయింది. బత్తాయంత తిత్తి. వేళ్లతో నొక్కి పగలగొడదామనుకున్నాడు గానీ, ముందు డాక్టరమ్మకు గొప్పగా చూపించాలనిపించి ఆమెను పిలిచాడు. ఆ గొప్పే ఒక దూడను కాపాడింది.

"దీనికి సూది ఎవరేసిన్రు?" అని లోపల తడిమి చూసి అడిగిందామె.

"నేనే మేడం. రెండు నెలలైతాంది."

"అయితే మీ సూది మంచిగనే పడ్డది. ఇది తిత్తి కాదు, చూడి."

జంగయ్య మురిసిపోయి ఆవును తోలుకుపోయాడు. ఆ రోజు నుంచి రిటైరయ్యే దాకా గండయ్య చెయ్యి బయటికి తీయగానే మాట్లాడటం మానేశాడు. తొడుగు విప్పి, చేతులు కడుక్కుని, ఎన్నడు ఎదకొచ్చిందో, ఎన్నడు సూది వేయించారో అడిగి రాసుకునేవాడు. ఒకప్పుడు చూడగానే చెప్పేవాడు, ఇప్పుడు అన్నీ అడుగుతున్నాడు, పాపం డాక్టర్ సాబ్‌కు విద్య తగ్గిపోయిందని ఏడూళ్ల జనం జాలిపడ్డారు.