పిడికిలితో తేమ చూసే మనిషి

అతనికీ ఒక పేరుండేది గాని, హాజరు పట్టీలో తప్ప ఎక్కడా పలికేవారు కాదు. ప్లాంటులో అందరికీ అతను పిడికిలి మామ.

ఊరి చెత్తంతా అక్కడికి వచ్చేది. గాజూ ఇనుమూ ఏరేసి, మిగిలింది రేకుల షెడ్డులో ఆరబోసి, ఆరాక నిలువెత్తు ఉక్కు కొలిమిలో పోసేవారు. కొలిమికి గాలి కొంచెమే అందనిస్తారు. అందుకని చెత్త భగ్గున మండదు, లోలోపల కుమిలి కుమిలి గ్యాసవుతుంది. ఆ గ్యాసుతో ఇంజను తిరిగితే వీధి దీపాలు వెలుగుతాయి. చెత్తలో తేమ మిగిలిందా, గ్యాసు పలచబడుతుంది, తారు పుట్టి గొట్టాలు పూడుకుపోతాయి. తేమ కొలవడానికి ఓ యంత్రం తెచ్చారు. నెల తిరక్కుండానే ఆ చెత్తలో దాని ముల్లు విరిగింది. మామ మాత్రం కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి బిగించి వదిలి, "ఇంకో పూట" అనేవాడు, లేదా "పొయ్యండి" అనేవాడు. పదకొండేళ్ళలో ఆ మాట తప్పింది లేదు.

షెడ్డులో చెత్తను పారతో తిరగేసే ఆమెకు మొగుడు పోయాడు, ఒక్కతే కూతురు. అతన్ని అన్నా అని పిలిచేది.

"ఏం అన్నా, నాడి చూస్తున్నావు, రోగి బతుకుతాడా?"

"బతికితే మనకేం లాభం? చస్తేనే గదా దీపం వెలిగేది."

ఆ ఏడాది అతని వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. చలికనుకున్నాడు. ఎండాకాలం వచ్చాక ఒకనాడు పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించాడు. భార్య చూసి కెవ్వుమనేదాకా చెయ్యి కాలిన సంగతే అతనికి తెలియలేదు.

"ఆస్పత్రికి పోదాం పద," అంది భార్య.

"పోతే నలుగురికీ తెలుస్తుంది. చదువూ సంధ్యా లేనివాణ్ణి, ఈ చెయ్యి పనికిరాదంటే అక్కడ నాకేం పనుంటుంది?"

భార్య అతని చేతి మీద నీళ్ళు పోసింది.

తర్వాత కూడా పిడికిలి బిగిస్తూనే వచ్చాడు, అలవాటు కొద్దీ. చెత్త రంగు చూసి, గలగల విని, అటో ఇటో చెప్పేవాడు. రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చాడు. వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం పైపైన పొడిగా కనిపించిన కుప్పను "పొయ్యండి" అన్నాడు. మధ్యాహ్నానికల్లా ఇంజను దగ్గి దగ్గి ఆగింది. గొట్టాలు విప్పితే నల్లటి బంక. రెండు రోజులు సగం ఊరు చీకట్లో ఉంది.

ప్లాంటు ఇంజనీరు మామనూ, చెత్త తిరగేసే ఆమెనూ షెడ్డులో నిలబెట్టాడు.

"ముందు రోజు మూడుసార్లు తిరగేశాను సార్," అంది ఆమె.

ఇంజనీరు మామ వైపు తిరిగాడు. "నువ్వు చూసినప్పుడో?"

మామ కుప్ప వైపు చూశాడు. "నేను తీసిన గుప్పెడు పొడే సార్. అడుగు తిరగెయ్యలేదేమో."

అంతే అన్నాడు. పదకొండేళ్ళ పిడికిలి మాట ముందు పార పట్టిన మనిషి మాట ఏం నిలుస్తుంది? మర్నాటి నుంచి రావద్దన్నారు ఆమెను. ఆమె వాదించలేదు. అతని చేతి మీది కాలిన మచ్చనే చూస్తూ నిలబడింది.

సాయంత్రం గేటు దగ్గర ఆగి అంది: "నీ వేళ్ళ సంగతి నాకు తెలుసన్నా. రెండు నెలలుగా నీకంటే ముందు నేనే చెయ్యి పెట్టి చూస్తున్నా. పచ్చిగా ఉంటే నువ్వొచ్చేలోపు మళ్ళీ తిరగేస్తున్నా. ఆ పొద్దున పిల్లకు జ్వరమొచ్చి ఆలస్యమైంది."

"మరి అక్కడ చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావనుకున్నా."

సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇంజనీరు గది తలుపు తెరిచే ఉంది. మామ దాని దాకా నడిచాడు, గడప దాటలేక వెనక్కి వచ్చాడు.

మర్నాడు పార దగ్గరికి కొత్త మనిషి వచ్చాడు. "కుప్ప చూడు మామా," అన్నాడు. మామ చెయ్యి దూర్చి గుప్పెడు తీశాడు. ఏమీ తెలియలేదు. ఆ గుప్పెడు చెత్తను చెంపకు ఆనించుకున్నాడు. చల్లగా తగిలింది. తడి ఉంది. కొత్త మనిషి ముఖం తిప్పుకున్నాడు.

ఈ ఉపాయం అతనికి మునుపే తట్టకపోలేదు. నలుగురి ముందూ చెత్త ముఖానికి రాసుకోవడానికి సిగ్గుపడ్డాడు, అంతే.