పాఠంలో లేని ఒక్క మాట

ఇప్పుడు మా సోషల్ టీచర్లకి ట్రైనింగ్ అంతా ఫోన్‌లోనే. స్టవ్ మీద కుక్కర్ పెట్టి వీడియో ఆన్ చేస్తాను. కూర తరుక్కుంటూ వింటాను. చివర్లో ప్రశ్నలకి జవాబులు నొక్కితే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. సుఖంగానే ఉంది. కానీ ఎండాకాలం వచ్చిందంటే నా మనసు బందరు మీదికి పోతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేసవి సెలవుల్లో బందరులో ట్రైనింగ్ పెట్టారు. దివిసీమ నుంచి నేనూ, మా పక్క మండలంలో పనిచేసే ఒక పెద్ద మాస్టారూ రోజూ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆయన్ని అందరూ మావయ్యగారు అనేవాళ్ళు. నవ్వించి చంపేవాడు మనిషి.

మాకు పాఠం చెప్పడం నేర్పించిన మేడమ్‌ది బందరే. రెండో రోజు ఆవిడ మమ్మల్ని హాల్లోంచి గ్రౌండ్‌లోకి తీసుకెళ్ళారు. చీర కుచ్చెళ్ళు దోపుకుని, ముగ్గుపిండితో నేల మీద కృష్ణమ్మని గీశారు. పులిగడ్డ దగ్గర రెండు పాయలు చేశారు. చివర సముద్రం.

"ఎవరి ఊళ్ళో వాళ్ళు నించోండి. మీ ఊరి గురించి పాఠంలో లేని ఒక్క మాట చెప్పండి," అన్నారు.

గుడివాడ వాళ్ళు పైన నించున్నారు. నేను కింద నాగాయలంక పక్కన నించుని, "కాలవ చివరి ఊరండీ మాది. అందరి పొలాలూ తడిశాకే మాకు నీళ్ళు," అన్నాను. పైనున్న వాళ్ళు "అయితే తప్పు మాదేనంటారా?" అని నవ్వారు.

మావయ్యగారు మాత్రం సముద్రం గీత దాకా వచ్చి ఆగిపోయారు.

"మీ ఊరేది మాస్టారూ?" అని అడిగారు మేడమ్.

"ఇక్కడుండేదండీ," అన్నారాయన. నేల మీది గీత చూస్తూ, "ఉప్పెనలో పోయింది. నేను తుమ్మచెట్టు పట్టుకుని బతికాను. చెల్లెలి చెయ్యి కూడా పట్టుకునే ఉన్నాను. నీళ్ళు లాగేశాయి," అన్నారు.

ఇన్నేళ్ళ సర్వీసులో తుఫానుల పాఠం చెప్పని సంవత్సరం లేదాయనకి. ఈ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదట, పిల్లలకి కూడా. మేడమ్ వెళ్ళి ఆయన పక్కన నించున్నారు. తర్వాత ఒక్కొక్కరం మా ఊళ్ళు వదిలేసి అక్కడికే చేరాం. ఆ ఎండలో అలాగే నించున్నాం, భోజనాలకి పిలిచేదాకా.

ఆ రోజు ఎవరి క్యారేజీ ఎవరు తిన్నారో తెలీదు. ఆయన పళ్ళెంలో మాత్రం అందరి కూరలూ ఉన్నాయి.

బడులు తెరిచాక, అవనిగడ్డలో మీటింగ్‌కి వచ్చినప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"పుస్తకం మూసేసి చెప్పానమ్మా తుఫానుల పాఠం. ముందు బెంచీలో పిల్ల లేచి, మీ చెల్లెలి పేరేంటి మాస్టారూ అనడిగింది. ఇన్నేళ్ళలో ఆ మాట నన్నడిగిన వాళ్ళు లేరు."

"చెప్పారా?"

"చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది."

ఆయన నవ్వుతూనే ఉన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన రిటైరయ్యారు. తర్వాత కొన్నాళ్ళకి పోయారు. మేడమ్ ఉయ్యూరులో కూతురి దగ్గర ఉంటున్నారు. మొన్నామధ్య తుఫానుల పాఠం ఎలా చెప్పాలో మాట్లాడమని ఆఫీసు వాళ్ళు నాకే అప్పగించారు, ఆన్‌లైన్‌లో. ఎవరి కెమెరా చూసినా ఆఫ్. ఆ నల్లటి గళ్ళకే మావయ్యగారి సంగతి చెప్పాను. అయిపోగానే 'గుడ్ సెషన్ మేడమ్' అని వరసగా మెసేజ్‌లు వచ్చాయి. అంతలో స్క్రీన్ ఖాళీ అయిపోయింది.

ఉండబట్టలేక ఉయ్యూరులో మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని, "వింటుంటే వాళ్ళ మొహాలెలా ఉన్నాయి?" అనడిగారు.

"కనపడలేదండీ."

"ఆదివారం వచ్చెయ్యి. అన్నం తిని వెళ్దువుగాని," అన్నారు.

వెళ్ళాను. మనిషి బాగా తగ్గిపోయారు. అయినా వంకాయ కూర తనే వండి వడ్డించారు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, "ఇవాళ ఇంకా ఎవరెవరుంటే బావుండేదో చెప్పు," అన్నారు. గుడ్లవల్లేరు నుంచి ట్రైనింగ్‌కి వచ్చే ఆవిణ్ణి తలుచుకున్నాం, పకోడీలు పొట్లం కట్టుకొచ్చేది. మంగినపూడి మాస్టార్ని తలుచుకున్నాం, మధ్యాహ్నం క్లాసులో కునుకు తీసి సాయంత్రం అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగేవాడు. చివరికి మావయ్యగార్ని తలుచుకున్నాం, ఆ రోజు ఆయన పళ్ళెంలో ఎవరెవరి కూరలున్నాయో లెక్కపెట్టుకుంటూ.

నా బస్సు టైము దాటిపోయింది. ఆవిడ గుర్తు చెయ్యలేదు, నాకూ లేవబుద్ధి కాలేదు.