చెయ్యి ఊపితే వెలిగే టీవీ

మా వీధిలో ఆయన్ని అందరూ ఆటోమేటిక్ గారు అంటారు. ఆయన ఎదుట మాత్రం అనరు. కుళాయిలూ షవర్లూ తయారుచేసే కంపెనీలో ఆయన సేల్స్ ఆఫీసరు. కింద చెయ్యి పెడితే నీళ్లు వచ్చి, చెయ్యి తీస్తే ఆగిపోయే కుళాయి వాళ్ల కంపెనీకి ముద్దుబిడ్డ. దాని గొప్పతనం షాపుల వాళ్లకి చెప్పీ చెప్పీ ఆయనకో నమ్మకం కుదిరింది. మనిషి వేలితో నొక్కాల్సిన వస్తువు ఏదైనా సరే, అది అనాగరికం.

ఆఫీసులో ఆయన మాట ప్యూను కూడా వినడు. ప్రమోషన్ వచ్చినప్పుడల్లా పక్క కుర్చీ దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. అలాంటి మనిషి, ఇంట్లోనైనా ఏదో ఒకటి తన మాట వినాలని కోరుకుంటే తప్పు పట్టలేం. భార్య వినదు. కూతురు వినదు. వాళ్లతోనే ఉండే అత్తగారికి సగమే వినపడుతుంది. ఇక మిగిలినవి టీవీలు.

టీవీలు మూడు. హాల్లో ఒకటి, పడగ్గదిలో ఒకటి, అత్తగారి గదిలో ఒకటి. వంటింట్లో స్పీకరు మాత్రమే. వీటన్నిటి మీదా పెత్తనం హాల్లో గోడ అల్మరాలో కూర్చున్న పెద్ద ఆంప్లిఫయరుది. ఏ గదికి ఏ చానల్ పంపాలో ఫోన్‌లో చెబితే చాలు, అది పంపేస్తుంది. అయితే మాటలు వినపడేవి గానీ బొమ్మ కనపడేది కాదు. బొమ్మ కావాలంటే ఆ గదిలో టీవీ రిమోటు విడిగా నొక్కాలి. ఆ ఒక్క నొక్కుడు ఆయనకి కంట్లో నలుసైంది.

ఈ పనిలో దిగినప్పటినుంచీ ఆయన గదుల్ని గదులనడం మానేశాడు. అన్నీ జోన్లే.

"వంటింట్లో ఉన్నానండీ, వస్తున్నా" అంది భార్య ఒకరోజు.

"వంటిల్లేమిటి? జోన్ ఫోర్ అను. అలవాటు చేసుకోవాలి."

"సరే. జోన్ ఫోర్‌లో గ్యాసైపోయింది. తమరు ఏ జోన్‌లో ఉన్నా వచ్చి సిలిండర్ మార్చండి."

మొదట ఆయన చేసిన ఏర్పాటు చూడ్డానికి బాగానే ఉంది. ప్రతి టీవీకీ, రిమోటు ముక్కున ఉండేలాంటి బుల్లి దీపం ఒకటి అంటించాడు. ఆంప్లిఫయరు ఆ గదికి చానల్ పంపగానే, ఆ దీపం రిమోటు చేసే పనే చేసి టీవీ మీట నొక్కుతుంది. చానల్ ఆపగానే మళ్లీ నొక్కుతుంది. చిక్కల్లా ఒక్కటే. ఆర్పడానికీ వెలిగించడానికీ రిమోటు మీద ఉండేది ఒకటే మీట. టీవీ ఆరి ఉంటే వెలుగుతుంది, వెలిగి ఉంటే ఆరుతుంది. నొక్కడం తెలిసిన యంత్రానికి, టీవీ ఏ స్థితిలో ఉందో చూడ్డం తెలియదు.

అత్తగారికేమో తోచినప్పుడల్లా రిమోటు నొక్కే అలవాటు. ఆవిడ వెలిగించేది, యంత్రం ఆర్పేది. ఆవిడ మళ్లీ వెలిగించేది. ఈలోగా అల్లుడు ఆఫీసు నుంచి ఫోన్‌లో ఆపేవాడు, దాంతో యంత్రం ఇంకోసారి నొక్కేది. వారం తిరక్కుండానే టీవీలన్నీ తలకిందులైపోయాయి. ఇంట్లో మనుషులున్నంతసేపూ నిద్రపోయేవి, అందరూ తాళం వేసి బయటికెళ్లగానే మేలుకునేవి. ఒక మధ్యాహ్నం ఎదురింటావిడ ఆయన భార్యకి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో దొంగలు పడ్డారు, తొందరగా రండి."

"అయ్యో! ఏం చేస్తున్నారు?"

"వార్తలు చూస్తున్నారు."

ఆ సాయంత్రమే ఆయన ఇంట్లో రిమోటులన్నీ పోగుచేసి, ఆఫీసు బ్యాగులో పెట్టుకుని, బ్యాగుకి తాళం వేశాడు. తప్పు యంత్రానిది కాదట, మనుషులదట.

న్యాయంగా చెప్పాలంటే, తర్వాత ఆయనకి మంచి ఉపాయమే దొరికింది. టీవీ వెనకాల పెన్‌డ్రైవ్ పెట్టే కన్నం ఉంటుంది కదా, టీవీ వెలిగినప్పుడే అందులోకి కరెంటు వస్తుంది. అక్కణ్ణుంచి సన్నటి వైరు లాగి యంత్రానికి కలిపాడు. ఇక టీవీ వెలిగి ఉందో లేదో యంత్రానికి తెలిసిపోతుంది. వెలిగి ఉంటే ఊరుకుంటుంది, ఆరి ఉంటేనే నొక్కుతుంది. పది రోజులు ఇల్లు ప్రశాంతంగా నడిచింది. భార్య కూడా ఒకసారి "ఫరవాలేదే" అంది. అక్కడితో ఆగి ఉంటే ఆయన జీవితంలో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

కానీ ఆ "ఫరవాలేదే" ఆయన తలకెక్కింది. మనిషి చెయ్యి చూసి కుళాయి నీళ్లిస్తున్నప్పుడు, మనిషిని చూసి టీవీ ఎందుకు వెలగకూడదు? మనిషి లేకపోతే దానంతటదే ఎందుకు ఆరకూడదు? ప్రతి టీవీ నెత్తినా కదలికల్ని పసిగట్టే తెల్లటి సెన్సారొకటి బిగించాడు. గదిలో కదలిక ఉంటే టీవీ ఉంటుంది. కాసేపు కదలిక లేకపోతే, ఎవరూ లేరనుకుని ఆర్పేస్తుంది.

టీవీ చూసే మనిషి కదలడన్న సంగతి, అంత ఆలోచించిన బుర్రకి తట్టలేదు.

మొదటి దెబ్బ అత్తగారికి తగిలింది. ఆవిడ సీరియల్ చూస్తే ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీలుస్తుంది. సరిగ్గా సవతి తల్లి గుట్టు బయటపడే సమయానికి తెర నల్లబడేది. మనవరాలు పరుగున వచ్చి, "అమ్మమ్మా, చెయ్యి ఊపు!" అనేది. ఆవిడ ఊపేది. బొమ్మ వచ్చేసరికి గుట్టూ అయిపోయేది, సీరియలూ అయిపోయేది.

"బాబూ, నేను బతికే ఉన్నానని దీనికి చెయ్యి ఊపి చెప్పుకోవాలా?" అని అడిగింది ఆవిడ.

"కొంచెం కదుల్తూ ఉంటే మంచిదే కదా అత్తయ్యా. ఒంటికి వ్యాయామం."

"నా నోటికి వ్యాయామం బాగానే ఉంది బాబూ. మీరు వినాలనుకుంటే ఇప్పుడే మొదలుపెడతాను."

ఆయన వినాలనుకోలేదు. పైగా ఆ వారమే తన ఘనకార్యం చూపించడానికి ఆఫీసులో మేనేజర్ని సతీసమేతంగా ఇంటికి పిలిచాడు. ఆ రోజు క్రికెట్ ఫైనల్. మేనేజరు నిండైన విగ్రహం, సోఫాలో కూర్చుంటే సోఫా కనిపించదు. ఆయన అడుగు పెట్టగానే టీవీ వెలిగింది. "భలే!" అన్నాడు. అంత మాట ఆయన నోట ఆఫీసులో ఎవరూ విని ఎరగరు. మన ఆటోమేటిక్ గారి ముఖం టీవీకి పోటీగా వెలిగింది.

మ్యాచి ఆఖరి ఓవర్లో పడింది. ఎవరూ కదలడం లేదు. మేనేజరు చేతిలో కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆఖరి బంతి వేయడానికి బౌలరు పరుగందుకున్నాడు. తెర నల్లబడింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ముందుగా తేరుకున్నది అత్తగారే. అలవాటైన ప్రాణం.

"ఊపండి! అందరూ చేతులూపండి!"

ఆటోమేటిక్ గారు ఊపాడు. భార్య, కూతురు ఊపారు. మేనేజరు భార్య చీర కొంగు ఊపింది. చివరికి మేనేజరు కూడా కప్పు పక్కన పెట్టి, రైలెక్కినవాళ్లకి వీడ్కోలు చెప్పినట్టు రెండు చేతులూ ఊపాడు. టీవీ వెలిగేసరికి మైదానంలో పదకొండు మంది ఎగురుతున్నారు. ఎందుకు ఎగురుతున్నారో, ఆ బంతికి ఏమైందో ప్రకటనలన్నీ అయ్యేదాకా తెలియలేదు. మేనేజరు భోజనానికి కూడా ఆగకుండా, భార్యని వెంటబెట్టుకుని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ పూట ఆటోమేటిక్ గారు అన్నం ముట్టలేదు. మర్నాడు మేనేజరు తన గదికి పిలిపిస్తే కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు.

"నిన్న మీ ఇంట్లో ఆ తెల్లది... మనిషి కదలకపోతే ఆర్పేస్తుంది కదూ?"

"పీకేస్తాను సార్. ఇంటికెళ్లగానే పీకేస్తాను సార్."

"పీకడమెందుకయ్యా? మనాఫీసులో పెట్టు. నాలుగు చోట్ల టీవీలు పగలూ రాత్రీ ఊరికే వెలుగుతున్నాయని హెడ్డాఫీసు వాళ్లు నన్ను తినేస్తున్నారు."

అలా రిసెప్షనూ, ట్రైనింగు గదీ, మేనేజరు గదీ, మీటింగు హాలూ నాలుగు జోన్లయ్యాయి. మూడు జోన్లలో ఏ గొడవా లేదు. మీటింగు హాల్లో మేనేజరు సోమవారం ఉపన్యాసం మొదలుపెట్టాడు. మనిషి భారీగా ఉంటాడే గానీ కదలకుండా కూర్చుని, తెరమీది లెక్కలు చదువుతూ పోతాడు. వినేవాళ్లు కళ్లు తెరుచుకుని నిద్రపోవడంలో ఆరితేరినవాళ్లు. కాసేపటికి తెర ఆరిపోయింది. ఆ గదిలో మనుషులెవరూ లేరని యంత్రం తేల్చేసింది. అది తప్పని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు.

మేనేజరు ఒక్కొక్కర్నీ చూసిన చూపుకి అందరికీ నిద్ర వదిలిపోయింది. తర్వాత సోమవారం నుంచీ తెర ఆరకుండా వంతులవారీగా చేతులెత్తడం మొదలుపెట్టారు. మేనేజరు దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు.

"ఆఁ, అడగండి, మీ సందేహమేమిటి?"

చెయ్యెత్తిన పాపానికి ఏదో ఒకటి అడక్క తప్పేది కాదు. "ఆ మూడో లెక్క మరోసారి చెబుతారా సార్?" అని ఒకరు. "షవర్ల ధర ఎందుకు పెంచాం సార్?" అని ఇంకొకరు. వాళ్లలో కొందరికి తమ కంపెనీ షవర్లు కూడా అమ్ముతుందని అప్పుడే తెలిసింది. మేనేజరు జన్మలో మొదటిసారి, తన మాటలు ఎవరో వింటున్నారని పొంగిపోయాడు. హెడ్డాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన, హాల్లో ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్న చేతులు చూసి ముగ్ధుడైపోయి, ఏ బ్రాంచిలోనూ ఇంత చురుకైన సిబ్బందిని చూడలేదన్నాడు. దీనికి కారకుడెవరని అడిగితే మేనేజరు చెప్పక తప్పలేదు.

టీవీ ఆర్పడానికి పెట్టిన సెన్సారు సిబ్బందిని మేల్కొలిపినందుకు ఆటోమేటిక్ గారికి ప్రమోషన్ వచ్చింది. మరో ఊళ్లో చిన్న బ్రాంచికి మేనేజరుగా వేశారు. కూతురి చదువు మధ్యలో ఉంది కాబట్టి ఆయనొక్కడే వెళ్లాడు. బస్సెక్కేముందు ఏ జోన్‌లో ఏ వైరు ముట్టుకోకూడదో భార్యకి విడమరిచి చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. ఇంటికొచ్చి సరిగ్గా ఆ వైర్లనే పీకేసింది. బజారుకెళ్లి మూడు కొత్త రిమోటులు తెచ్చింది.

నెల తిరిగాక ఆయన సెలవు మీద వచ్చాడు. వీధి మలుపులో ఆయన్ని చూసిన కూతురు పరిగెత్తుకెళ్లి ఇంట్లో చెప్పేసింది.

"ఉన్న సంగతి చెప్పేద్దాం" అంది అత్తగారు.

"చెబితే రేపు మళ్లీ బిగిస్తారమ్మా. ఉండేది రెండు రోజులేగా" అంది భార్య.

ఆయన కాళ్లు కడుక్కుని హాల్లోకి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. వెనకాల కూర్చుని చదువుకుంటున్న కూతురు, పుస్తకం చాటునుంచి రిమోటు మీట నొక్కింది. టీవీ వెలిగింది. ఆయన లేచి వంటింటి వైపు వెళ్లాడు, ఆరింది. తిరిగొచ్చాడు, వెలిగింది. పరీక్షగా మరోసారి వెళ్లొచ్చాడు. పిల్ల తడబడలేదు.

"చూశావా?" అన్నాడు భార్యతో. "నేను లేకపోయినా ఎంత బాగా నడుస్తోందో!"

"అవునండీ" అంది ఆవిడ, కూర తరుగుతూ. "మీరు లేకపోతే ఇంకా బాగా నడుస్తోంది."

ఆయనకది మెచ్చుకోలుగానే వినపడింది. కొత్త బ్రాంచిలో ఇప్పటికీ ఆ మాటే అందరికీ చెబుతుంటాడట.