అత్వెల్లిలో పట్టనివాడు, షామీర్‌పేటలో వదలనివాడు

ఆదివారం పొద్దున ఏడింటికి నాగారంలో బస్సెక్కేసరికి నాకు స్పష్టంగా తెలిసినవి రెండే. ఇద్దరు కుర్రాళ్లను చూడాలి. చీకటి పడేలోగా ఒకడి పేరు చెప్పాలి. మిగిలినదంతా అయోమయం.

మా తమ్ముడు రవి నగరంలో కొత్తగా పెట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. జీతాలిచ్చి ఆడించే జట్టు అది. అందులో ఒక్క జాగా ఖాళీ ఉంది, సోమవారానికల్లా నింపాలి. వాడేమో జట్టుతో బెంగళూరు శిబిరంలో ఇరుక్కుపోయాడు. శనివారం ఫోన్ చేసి, "ఆఫెన్సివ్ ట్యాకిల్ కావాలె అక్కా. అత్వెల్లిల ఒకడున్నడు, షామీర్‌పేటల ఒకడున్నడు. పొడుగు, బరువు ఇద్దరిదీ ఒక్కతీరే. ఎవడు పనికొస్తడో నువ్వు పోయి సూసి చెప్పు" అన్నాడు. ట్యాకిల్ అంటే ఏమిటో చెప్పబోతే నాకు ఒళ్లు మండింది. "నాకు నేర్పుతవారా?" అని ఫోన్ పెట్టేశాను.

మండదా మరి! బడిలో ఆటల టీచర్‌గా రిటైరైనదాన్ని. అంతకు ముందు జిల్లా కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్‌ని. ట్యాకిల్ అంటే కబడ్డీలో పట్టు. కూతకొచ్చినవాణ్ని దొరకబుచ్చుకుని గీత దాటకుండా ఆపడం. ఎంతమందిని ఆపానో ఈ చేతులకు తెలుసు. కానీ బస్సు కదిలాక అనుమానం మొదలైంది. ఆఫెన్స్ అంటే కూతకు పోయే పక్షం కదా? పట్టేవాళ్లు అటుపక్క ఉంటారు కదా? కూతకు పోయేవాడు పట్టుకోవడం ఏమిటి, ఎవరిని పట్టుకుంటాడు? మళ్లీ ఫోన్ చేసి అడుగుదామంటే పరువు అడ్డం వచ్చింది.

ఈ దారిన వెళ్లదలచిన ఆడవాళ్లకు ఒక మాట. ఆధార్ కార్డు మరచిపోకండి, చూపిస్తే కండక్టర్ డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ ఇస్తాడు. సికింద్రాబాద్‌లో మారి మేడ్చల్ బస్సు ఎక్కాను. పక్కన జామకాయల గంపతో ఒకావిడ కూర్చుంది. ఆ ఇద్దరిలో ఒకడి తాలూకువాళ్లకు ఫోన్ చేసి, పిల్లవాడి బరువు ఎంతో ఇంకోసారి అడిగి పెట్టేశాను. ఆవిడ చెవులు రిక్కించి విన్నది.

"పిలగాని బరువు గూడ అడుగుతున్నరా గిప్పుడు? పిల్ల నీ బిడ్డెనా?" అంది.

"సంబంధం కాదమ్మా, ఆట. ఇద్దర్ల ఒకణ్ని ఎంచాలె."

"గట్లయితే ఇంకో పిలగాడు పరేషాన్ అయితడు గదా, పాపం!" అని ఒక జామకాయ నా చేతిలో పెట్టింది. ఆ మాట పట్టించుకోలేదు, కాయ మాత్రం తిన్నాను.

మేడ్చల్‌లో షేర్ ఆటో ఎక్కి, తొమ్మిదిన్నర దాటాక అత్వెల్లిలో దిగాను. హైవే పక్కన టైర్ల దుకాణాలు, గోదాములు, వాటి వెనక చిన్న చర్చి. లోపల ప్రార్థన ఇంకా నడుస్తోంది. పక్క హోటల్లో రెండు ఇడ్లీ తిని చాయ్ తాగేలోగా జనం బయటికొచ్చారు. అందరికంటే చివర, గుమ్మానికి తల తగలకుండా వంగి, నేను చూడాల్సిన మొదటి కుర్రాడు దావీదు వచ్చాడు. ఒక చేత్తో వాళ్ల అవ్వను, ఇంకో చేత్తో ప్లాస్టిక్ కుర్చీని పట్టుకొచ్చాడు. చెట్టునీడన అవ్వను కూర్చోబెట్టాకే నాకు దండం పెట్టాడు.

"గోదాంల మూటలు మోస్త మేడం. జట్టుల తీసుకుంటే ఆడుకుంట బతుకుత" అన్నాడు.

చర్చి కుర్రాళ్లు ఇద్దరిని పిలిచి, కూత పెడుతూ వీడి మీదికి రమ్మన్నాను. దావీదును పట్టమన్నాను. వాళ్లు వచ్చారు. వీడు పట్టలేదు! అరచేతులు తెరిచి వాళ్ల రొమ్ముకు ఆనించి పక్కకు తోశాడు. వాళ్లు ఎడమకు పోతే వీడూ ఎడమకు, కుడికి పోతే వీడూ కుడికి, చిన్న చిన్న అడుగులతో అడ్డం జరిగాడే తప్ప ఒక్కణ్నైనా దొరకబుచ్చుకోలేదు.

"పట్టవేందయ్యా! నడుం పట్టు, కాలు పట్టు, ఏదో ఒకటి పట్టు!" అని అరిచాను.

"పడితే ఆల్లు దొర్లిపోయి అవ్వ మీద పడ్తరు మేడం" అన్నాడు నెమ్మదిగా. వాడి వెనక కుర్చీలో అవ్వ నిమ్మళంగా కునుకు తీస్తోంది.

నాకు నీరసం వచ్చింది. అంత మనిషి, అన్ని కండలు, ఒక్క పట్టు లేదు. అడవి కాచిన వెన్నెల అనుకుంటూ మళ్లీ ఆటో ఎక్కాను.

మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు నేరుగా బస్సు కోసం చూస్తే పొద్దు పోతుంది. రెండు షేర్ ఆటోలు మారి, ఒంటిగంట ప్రాంతంలో చెరువు దగ్గర దిగాను. ఆదివారం కదా, కట్ట పొడవునా కార్లూ మొక్కజొన్న కంకుల బండ్లూ ఉన్నాయి. రెండో కుర్రాడు మల్లేశ్ వాళ్లది చేపలు పట్టే కుటుంబం. చెరువు అవతలి మైదానంలో నా కోసం ముగ్గురు స్నేహితులను నిలబెట్టుకుని ఉన్నాడు.

వీడి సంగతేం చెప్పను! కూతకొచ్చిన మొదటివాడి చీలమండ చేతికి చిక్కిందంటే ఇక అంతే. రెండోవాణ్ని నడుం పట్టి గాలిలోకి లేపాడు. మూడోవాడు "ఇడువురా అయ్యా, సచ్చిన!" అని మొత్తుకున్నా వదల్లేదు. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఎన్నేళ్లయింది అలాంటి పట్టు చూసి!

వాళ్లమ్మ బలవంతాన ఇంటికి తీసుకెళ్లి, వేడి అన్నం, చేపల పులుసు పెట్టింది. తింటూ తింటూ అనేశాను, "ఇగ మీవోడే అమ్మా, పక్కా" అని. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, పక్కిళ్ల వాళ్లకు చెప్పడానికి పరుగెత్తింది. మల్లేశ్ నవ్వుతూ గోడకానుకున్నాడు. "ఇంటర్ ఫెయిలయినంక ఏ పనికీ నన్ను ఎవ్వలు పిలువలే మేడం. మీరే ఫస్ట్" అన్నాడు.

చెయ్యి కడుక్కుని వాకిట్లోంచి రవికి ఫోన్ చేశాను. "దొరికిండురా నీ ట్యాకిల్! ఉడుం పట్టు! పట్టిండంటే దేవుడొచ్చినా ఇడిపియ్యలేడు."

 రవి, "అక్కా, మా ఆటల ట్యాకిల్ ఎవ్వర్నీ పట్టుకోవద్దు. పట్టుకుంటే తప్పు. పసుపుపచ్చ గుడ్డ ఇసిరి, జట్టును పది గజాలు ఎనక్కి పంపుతరు" అన్నాడు.

"పట్టొద్దా? మరి ట్యాకిల్ అని పేరెందుకు పెట్టిండ్రురా!"

"గది నాకు గూడ తెల్వదక్కా. వాని ఎనక బంతి ఇసిరేటోడు ఉంటడు. మీదికొచ్చేటోళ్లను చేతులతోటి ఆపి, గా ఇసిరేటోని మీద ఈగ వాలకుండ కాయాలె. గంతే వాని పని. నిన్న చెప్పబోతే ఫోన్ పెట్టేస్తివి."

 పొద్దున నేను తిట్టుకున్న ప్రతిదీ, ఆ తెరిచిన అరచేతులు, ఆ అడ్డం అడుగులు, అదే పని! చప్పట్లు కొట్టినదేమో తప్పు! జీవితమంతా తెలుసనుకున్న మాట ఒక్కసారిగా తిరగబడి నన్ను చూసి నవ్వినట్టయింది. ఏం చేయాలో తోచక మల్లేశ్‌ను మళ్లీ మైదానానికి తీసుకెళ్లి, కొత్త రూలు చెప్పాను. పట్టకూడదు, తోయాలి.

మొదటివాణ్ని తోశాడు. రెండోవాడి చొక్కా వేళ్లలో చిక్కింది, వదల్లేదు. మూడోసారీ అంతే. వాడే ఆగి తన చేతులకేసి చూసుకున్నాడు.

"వల తాడు చేతికొస్తే పానం పోయినా ఇడువద్దని మా బాపు కొట్టి నేర్పిండు మేడం. గిప్పుడు ఇడువుమంటే చేతులు ఇంటలేవు" అన్నాడు.

ఇంటికొచ్చి వాళ్లమ్మకు చెప్పాల్సి వచ్చింది. ఆవిడ కోపగించలేదు. "ఊరంత చెప్పొస్తిని గదమ్మా, ఇగ ఎట్ల?" అని మాత్రం అడిగింది.   పెరట్లోకి పోయి రవికి దావీదు పేరు చెప్పాను. చెప్పాక కూడా మనసు కుదుటపడలేదు.

సాయంత్రం ఐదున్నరకు మల్లేశే నన్ను బస్టాపుకు తీసుకొచ్చాడు. వద్దన్నా వినలేదు. చెరువు చూడటానికొచ్చిన జనమంతా అక్కడే ఉన్నారు. సికింద్రాబాద్ బస్సు ఆగీ ఆగకముందే అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. ఎవరి మోచెయ్యో తగిలి నేను తూలాను. అంతే, మల్లేశ్ గిరుక్కున తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. రెండు అరచేతులూ తెరిచాడు. ఒకణ్ని ఇటు తోశాడు, ఇంకొకణ్ని అటు తోశాడు, ఎడమకు జరిగాడు, కుడికి జరిగాడు. ఒక్కరి చొక్కా కూడా పట్టలేదు. "జల్దీ ఎక్కుండ్రి మేడం" అన్నాడు వెనక్కి చూడకుండానే. ఆ తోపులాటలో నా చీర కుచ్చెళ్లు కూడా చెదరలేదు.

సీటు దొరికింది. జీరో టికెట్ చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూశాను. వాడు చెయ్యి ఊపుతున్నాడు. అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకు. పొద్దున దావీదు వెనక వాళ్ల అవ్వ కూర్చుంది. మధ్యాహ్నం మైదానంలో మల్లేశ్ వెనక నేను ఎవరినీ నిలబెట్టలేదు. ఎవరినీ కాయాల్సిన పని లేనప్పుడు వాడి చేతులు తమకు తెలిసిన పని చేశాయి.

బస్సులోంచే ఫోన్ చేశాను. "రవీ, దావీదుకు చెప్పేసినవా?"

"చెప్పిన అక్కా. వాళ్ల అవ్వ ఫోన్ల నాకోసం ప్రార్థన గూడ చేసింది. ఎందుకు, పనికిరాడా?"

"పనికొస్తడురా. మస్తు పనికొస్తడు."

"మరేంది?"

మరేందో నాకూ తెలియలేదు. దావీదు పేరు వెనక్కి తీసుకోవాలని లేదు, మల్లేశ్ పేరు వదులుకోవాలనీ లేదు. పొద్దున ఒక అయోమయంతో బయల్దేరి రెండింటితో ఇల్లు చేరుతున్నాను. ఎవరు మేలని ఇప్పుడు మీరడిగినా, ఆ ఊళ్ల దారి చెప్పగలను గానీ జవాబు చెప్పలేను.

"నువ్వొచ్చినంక మల్లేశ్‌ను ఒక్కసారి నీ కండ్లతోటి సూడు" అన్నాను.

"జాగా లేదు గదక్కా."

"లేకున్నా సూడు. వాని ఎనక నేను నిలబడత."

రవి నవ్వాడు. "నీకు అరవై దాటినయక్కా. ఎవడన్న ఉరికొచ్చి గుద్దితే?"

"గుద్దనియ్యడు" అన్నాను.