ముడతలు పోయిన ముఖం

మా వీధి మలుపులో పాలబూత్ నడిపే అమ్మాయికి నలభై దాటాక ముఖం మీది ముడతలు పోవడం మొదలైంది. నుదురు నున్నగా, బుగ్గలు బిగుతుగా మెరిసిపోయేవి. పాల కోసం వెళ్ళిన ఆడవాళ్ళందరం పాల సంగతి మరిచి క్రీము సంగతి అడిగేవాళ్ళం.

"ఏం రాస్తున్నావే? మాకు చెబితే నీ అందం తరిగిపోతుందా?" అని నేనూ సతాయించాను.

"రాసుకునే తీరికెక్కడిది పిన్నిగారూ, ముఖం కడుక్కోవడమే ఎక్కువ" అని నవ్వేది. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది. దాన్ని మేం టెక్కు అనుకున్నాం.

పొద్దున్నే చల్లటి ట్రేల్లోంచి ప్యాకెట్లు తీస్తుంటే ఆమె వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడేవి. కాసేపటికి నీలంగా మారి, ఆ తరవాత ఎర్రగా కంది మండేవి. ప్యాకెట్లు చేజారేవి. తీరా వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి చేతులు మామూలైపోయేవి. ఆయన "టెన్షన్ తగ్గించుకో" అని బలం మాత్రలు రాసి పంపేవాడు.

భర్త పోయాక బూత్‌ను తన పేరుకు మార్పించుకుని, దాని మీదే ఇల్లు నడుపుతోంది. మరిదికి మాత్రం దాని మీద ఎప్పటినుంచో కన్ను. ఆమె చేతుల బాధంతా నాటకమని వీధిలో చెప్పుకు తిరిగేవాడు.

"నీకు చేతకావట్లేదు వదినా. తాళాలు ఇటిచ్చెయ్. నీ ఖర్చులకి నెలనెలా ఇంత పడేస్తాలే."

"పడేస్తే ఏరుకోడానికి నేనేమన్నా కోడినా?" అని ఆమె తాళాలు నడుములో ఇంకా గట్టిగా దోపుకుంది.

అసలు సంగతి పన్ను పీకించుకోబోయినప్పుడు బయటపడింది. పళ్ళ డాక్టరు నోరు ఇంకా తెరవమన్నాడు. తెరుచుకుంటేగా! ఆయన పన్ను సంగతి పక్కనపెట్టి, రుమటాలజీ డాక్టరుకి చీటీ రాసిచ్చాడు.

"పంటినొప్పికి కీళ్ళ డాక్టరా! రేపు తలనొప్పికి మోకాలు కోయిస్తావా?" అని మరిది వెటకారం. ఆమె చీటీ పట్టుకుని బయల్దేరింది. తోడుగా నేనూ వెళ్ళాను. అక్కడేం జరుగుతుందో చూడకపోతే నాకు అన్నం సయించదు.

డాక్టరమ్మ ఆమె గోళ్ళ మొదట్లో నూనె చుక్క వేసి భూతద్దంతో చూసింది. వేళ్ళ మీది చర్మాన్ని గిల్లబోతే పట్టుకే దొరకలేదు. పాత ఫోటో అడిగింది. గుర్తింపు కార్డు తీసి చూపిస్తే, అందులో నుదుటి నిండా గీతలు. డాక్టరమ్మ ఫోటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. క్రీము అడిగినందుకు నాకే సిగ్గేసింది.

"దీన్ని స్క్లెరోడెర్మా అంటారమ్మా. చాలా అరుదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తే ఒంటి మీదకు తిరగబడింది. అందుకే చర్మం బిగుసుకుంటోంది. ఊపిరితిత్తులూ కిడ్నీలూ కూడా చూడాలి."

"అంటే నాది నాటకం కాదన్నమాట" అంది ఆమె. ఏడుస్తుందేమోనని నేను చూస్తుంటే, కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. "పోతుందా?"

"పోతుందని అబద్ధం చెప్పను. అదుపులో పెడదాం. మందులు మానకూడదు, పిలిచినప్పుడల్లా రావాలి, చేతులకు చలి తగలనివ్వకూడదు."

"నా కూడే ఆ చల్లటి ట్రేల్లో ఉంది డాక్టరమ్మా!"

"బూత్ మానేయమనలేదు. ట్రేల్లో చెయ్యి పెట్టొద్దన్నాను. ఎలాగో మీరే ఆలోచించండి."

మర్నాడు బూత్‌లో ట్రేలన్నీ వీధి వైపు తిరిగాయి. ఆమె ఉన్ని చేతితొడుగులతో లోపల కూర్చుని, "ఎవరి ప్యాకెట్లు వాళ్ళే తీసుకోండి" అంటోంది. గొణిగేవాళ్ళు గొణిగారు, తీసుకునేవాళ్ళు తీసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ప్యాకెట్లన్నీ పిసికి చూసి తిట్లు తిన్నాడు.

అంతలో మరిది లైను పక్కనుంచి దూసుకొచ్చాడు. "జనం చేత చాకిరీ చేయించుకునే వ్యాపారమేంటి వదినా? పెద్ద జబ్బని తేలిందిగా. ఇంకా ఎందుకీ మంకుపట్టు? తాళాలివ్వు."

ఆమె లేచి నిలబడింది. "జబ్బు చేతులకొచ్చింది, బూత్‌కి రాలేదు. నాకు డాక్టరుంది, మందుంది, బూత్ కాగితం మీద నా పేరుంది. నడవలేని రోజొస్తే కుర్చీతో సహా మోయించుకుని వచ్చి ఇక్కడే కూర్చుంటా. నీకు మాత్రం ఇవ్వను."

మరిది లోపలికి రావాలని అడుగు వేశాడు. లైన్లో ముందున్నది నేనే. నా వెనక వీధి వీధంతా ఉంది. ఒక్కరూ పక్కకు జరగలేదు.

"పాలు కావాలంటే వెనక్కెళ్ళి నిలబడు మరిదీ" అంది ఆమె. "తరవాత ఎవరండీ?"