మెహ్‌నాజ్ చూసిన మూడు పడవలు

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య, డీజిల్ పంపులు రిపేరు చేసే చిన్న షాపు ఒకటుంది. బోర్డు మీద ఇప్పటికీ అబ్దుల్ రహీం పేరే ఉంటుంది. లోపల పనిచేసేది మాత్రం ఆయన కూతురు మెహ్‌నాజ్.

ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు తండ్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, ఈమె పంపు విప్పేది. మొదట్లో లారీవాళ్లు "మీ నాయన యాడ?" అని అడిగి, ఆయన చెయ్యి చూసి, వేరే షాపుకు పోయేవాళ్లు. మెహ్‌నాజ్ ఎవరినీ బతిమాలలేదు. మిగిలినవాళ్ల పంపులే సరిగ్గా చేసింది. టమాటా లారీలు, ట్రాక్టర్లు, బోర్లు వేసే బండ్లు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. తండ్రి పోయే నాటికి, ఇంజన్ ఎన్నో సిలిండర్‌లో డీజిల్ సరిగ్గా పడటం లేదో విప్పకుండానే, కేవలం విని చెప్పగలిగేది. అప్పుడామెకు ముప్పై నాలుగేళ్లు.

ఆ తర్వాత నాలుగేళ్లకు, ఒక బుధవారం పొద్దున, కుప్పం నుంచి గంగాధరం వచ్చాడు. సరుకు ఓడల్లో ముప్పై ఒక్క ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వెనక ఆయన భార్య ప్రమీల. కుప్పంలో లెక్కల టీచరుగా చేసింది. అంతకు ముందు ఏడాది తన ట్రాక్టరు పంపు ఈ షాపులోనే బాగు చేయించుకున్నాడు కాబట్టి గంగాధరానికి మెహ్‌నాజ్ పని తెలుసు.

"సూడమ్మా," అన్నాడు, చెవి మెషిన్ సర్దుకుంటూ. "నాకు సెవులు పోయినాయి. ఇంజన్ రూముల్లో పోయినాయి. దీంతో మనుషుల మాట ఇనబడతాది. ఇంజన్ మాట మాత్రం అంతా ఒకటే రొద. నేనొక పాత పడవ కొనల్ల. నువ్వు వచ్చి ఇని సెప్పల్ల."

"పడవా?"

"చేపల పడవ మాదిరే గట్టిగా ఉంటాది, లోపల ఇల్లు ఉంటాది. మెల్లిగా పోతాది, కానీ ఒక తూరి డీజిల్ నింపితే రెండు వేల మైళ్లు పోతాది. ట్రాలర్ యాట్ అంటారు. కొచ్చి, మాల్దీవులు, సిలోను, అండమాను. ఇద్దరమే పోతాం."

మెహ్‌నాజ్ ప్రమీల వైపు చూసింది. ఈ ముసలాయన పిచ్చికి ఆమె ఏమంటుందో అని.

"నేను ఒప్పుకొన్యాననే గదా ఆయన ఈడిదాకా వచ్చింది," అంది ప్రమీల.

మెహ్‌నాజ్ అప్పటికి సముద్రం చూడలేదు. తిరుపతి, బెంగళూరు దాటి పోలేదు. ఇంట్లో చెబితే తల్లి మైమూన్ బీ "వాళ్లావిడ కూడా వస్తుందా?" అని ఉర్దూలో అడిగింది. వస్తుందంటే, "అయితే పో. చూడకుండా చెప్పకు, చూసింది దాచకు," అంది. షాపుకు వారం రోజులు తాళం పడింది.

మొదటి పడవ గోవాలో ఉంది. తెల్లగా, అద్దంలా మెరుస్తోంది. రెండు పెద్ద ఇంజన్లు. అమ్మకం చూసే దళారి తాళం తిప్పగానే రెండూ ఒక్క గుక్కలో అందుకున్నాయి. గంగాధరం ముఖం వికసించింది. మెహ్‌నాజ్ కిందికి దిగి ఒక ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఇది మేం రాకముందే శానాసేపు తిరిగింది సార్. కాలిపోతాండాది. చల్లారినాక పొద్దున వస్తాం. అంతవరకు ఎవురూ ముట్టుకోగూడదని సెప్పండి."

దళారికి అది నచ్చలేదు. గంగాధరం పట్టుబట్టాడు. మరునాడు ఆరింటికే పోయి కూర్చున్నారు. చల్లటి ఇంజన్ నాలుగుసార్లు దగ్గి, ఐదోసారి అందుకుంది. వెనక నీలం పొగ నీళ్ల మీద పరుచుకుంది. మెహ్‌నాజ్ ఆయిల్ పోసే మూత విప్పి పైన చెయ్యి అడ్డంపెట్టింది. లోపలి నుంచి పొగ ఆగి ఆగి చేతిని తోస్తోంది.

"పిస్టన్లు అరిగిపోయినాయి," అంది. అదే రోజు ముగ్గురూ కొచ్చి రైలెక్కారు.

కొచ్చిలో ఉన్నది గంగాధరం కలలో కట్టుకున్న పడవే. లోపలంతా టేకు. చుక్కాని ముందు ఎత్తయిన కుర్చీ. ఆయన దాంట్లో కూర్చుని, చక్రం మీద చేతులు పెట్టి, ఎంతసేపటికీ లేవలేదు. ఇంజన్ కూడా మంచిదే. చల్లగా ఉన్నా మొదటి తిప్పుకే అందుకుంది. మెహ్‌నాజ్ పావుగంట కళ్లు మూసుకుని విన్నది.

"ఇంజన్‌కు ఏం వంక పెట్టేకి లేదు సార్."

"అయితే ఇదే," అన్నాడు గంగాధరం.

కానీ ఆమె పైకి రాలేదు. డీజిల్ వడకట్టే ఫిల్టరు కింద గాజు గిన్నె ఉంటుంది. దాని అడుగున ఇటుకపొడి లాంటిది చేరి ఉంది. ట్యాంకులెక్కడున్నాయని అడిగింది. ఇంజనుకు రెండు పక్కలా, చెక్క పలకల వెనక, నేలకు అతుక్కుని ఉన్నాయి. చూడటానికి దారి లేదు. మెహ్‌నాజ్ పైట నడుముకు బిగించి, ఇంజనుకూ ట్యాంకుకూ మధ్య జానెడు సందులో పక్కకు పడుకుని, భుజందాకా చెయ్యి దూర్చింది. బయటికి వచ్చేసరికి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. అరచేతిలో తుప్పు పెచ్చులు, డీజిల్ తడి.

"ట్యాంకుల అడుగు తుప్పు తినేసింది సార్. కారుతాండాయి. ఈ పడవ వద్దు."

"ట్యాంకులు మార్పిస్తే సరిపోతాది."

"మార్సల్లంటే ఇంజన్ పైకెత్తల్ల. పైన ఉండే టేకు నేలంతా కోయల్ల. మీరు ఇష్టపడింది ఆ టేకునే గదా."

గంగాధరం గొంతు మారింది. "నువ్వు సముద్రం సూసి మూడు దినాలు కాలేదు. నాకు పడవ గురించి సెప్తాండావా?"

"నేను సముద్రం సూసేకి రాలేదు సార్. డీజిల్ సూసేకి వచ్చినాను. రెండు వేల మైళ్లు పోవల్లంటిరి. మిమ్మల్ని తీసుకోనిపోయేది ఈ డీజిలే."

ఆయన చెవుల్లోంచి రెండు మెషిన్లూ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇక ఎవరి మాటా వినదలచుకోలేదన్నమాట. బెంగళూరుదాకా రైల్లో అవి జేబులోనే ఉన్నాయి.

మెహ్‌నాజ్‌కు భయమేసింది. పెద్దాయన్ని నొప్పించానని బాధ కూడా కలిగింది. ప్రమీల వచ్చి పక్కన కూర్చుంది.

"ముప్పైయొక్క ఏండ్లు ఆయన సముద్రంలో ఉంటే నేను కుప్పంలో పిల్లోళ్లకు లెక్కలు సెప్పినాను," అంది. "ఆయన యాడుండాడో మ్యాపులో ఏలు పెట్టి సూసుకొనేదాన్ని. ఈసారి నేనూ పోతాండాను. ఆయనకు ఇష్టమైన పడవ వద్దు నాకు. ఇంటికి తిరిగొచ్చే పడవ కావల్ల. నువ్వు సెప్పింది మార్సుకోవద్దు."

ఇంటికొచ్చాక జరిగిందంతా వినిన మైమూన్ బీ, "పెద్దాయన. ఫోన్ చేసి క్షమించమను," అంది.

"గట్టిగా మాట్లాడినందుకు అడుగుతాను అమ్మీ. మాట మాత్రం వెనక్కి తీసుకోను."

ఫోన్ చేస్తే గంగాధరం ఎత్తలేదు. పదహారు రోజులు గడిచాయి. పదిహేడో రోజు ఆయనే షాపు ముందు దిగాడు, ఈసారి ఒంటరిగా. స్టూలు మీద కూర్చుని, ఆమె చేతిలో పని అయ్యేదాకా ఆగాడు.

"ముప్పై ఏండ్ల కిందట ఒక ఓడలో థర్డ్ ఇంజనీరుగా ఉండాను," అన్నాడు. "ట్యాంకులో మడ్డి వచ్చి ఇంజన్ ఆగిపోయింది. పదకొండు గంటలు నడిసముద్రంలో పొర్లినాం. ఒకడికి కాలిరిగింది. ఆ గాజు గిన్నెలో నువ్వు సూసింది నేనూ సూసినాను, మెహ్‌నాజ్. తెలిసే కండ్లు మూసుకొన్యాను."

ఆమె టీ తెప్పించింది.

"మల్పేలో ఇంకొకటి ఉండాదంట," అన్నాడు ఆయన టీ తాగుతూ. "సూసేకి బాగలేదని ఇంతవరకు పోలేదు."

మల్పే ఉడుపి దగ్గర చేపల రేవు. ఈసారీ ముగ్గురూ కలిసే పోయారు. అక్కడొక చేపల వ్యాపారి, వేటపడవలు కట్టేవాళ్ల చేతనే తన కోసం ఉక్కు పడవ కట్టించుకుని, మోకాళ్లు పడిపోవడంతో అమ్మకానికి పెట్టాడు. పచ్చరంగు ఊడి, బానకడుపుతో, ఒడ్డుమీదికి లాగి నిలబెట్టి ఉంది. గంగాధరం దాన్ని చూసి నిట్టూర్చాడు.

మెహ్‌నాజ్ చిన్న సుత్తి తీసుకుని పడవ అడుగంతా కొట్టుకుంటూ పోయింది. ఉక్కు అంతటా గంటలా పలికింది. వెనకవైపు రెండు చోట్ల మాత్రం శబ్దం చచ్చింది. అక్కడ రేకు పలచబడింది. సుద్దతో గుండ్రంగా గీసింది. లోపల ట్యాంకులకు మనిషి దూరేంత మూతలున్నాయి. విప్పి టార్చి వేస్తే అడుగు తళతళలాడింది. ఇంజన్ ఒకటే, ఆరు సిలిండర్లది, పాత లారీ ఇంజన్ల వంశమే. దాన్ని చూడగానే చుట్టాలింటికి వచ్చినట్టనిపించింది ఆమెకు.

ఈలోగా ప్రమీల వంటగదిలో నిలబడి చుట్టూ చూసుకుంటోంది. "పట్టుకొనేకి యాడ జూసినా కమ్మీలు ఉండాయి," అంది. "కట్టించినాయనకు ముసిలితనం గురించి తెలుసు."

పడవను నీళ్లలోకి దింపి మూడు గంటలు తిప్పారు. రేవు దాటగానే మెహ్‌నాజ్‌కు కడుపులో తిప్పింది. మోకాళ్ల మధ్య బకెట్ పెట్టుకుని ఇంజన్ పక్కనే కూర్చుంది. వాంతి చేసుకుంది, మూతి తుడుచుకుంది, మళ్లీ చెవి పెట్టింది. గంటకు ఎంత డీజిల్ తాగుతోందో విడిగా డబ్బా పెట్టి కొలిచింది. పైకి రమ్మని ప్రమీల పిలిచినా రాలేదు. ఒడ్డుకు చేరాక తడబడుతూ దిగి, ఇసుకలో కూలబడి, కాగితం గంగాధరానికిచ్చింది.

"మూడో సిలిండర్ కొట్టుకుంటాండాది. పంపు అలిసిపోయింది, అందుకే ఆ నల్ల పొగ. రెండు రేకులు కోసి కొత్తవి అతికించల్ల. దీనికుండే జబ్బులు ఇంతే సార్. అన్నీ నయమయ్యేవే. గంటకు తొమ్మిది లీటర్లు. ట్యాంకులు నిండితే మీరడిగిన రెండు వేల మైళ్లు పోతాది."

గంగాధరం కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత పడవ దగ్గరికి నడిచి, ఆ ఊడిన పచ్చరంగు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "నువ్వు ఏమంటావు?" అని భార్యను అడిగాడు.

"ఇదే," అంది ప్రమీల.

పంపు విప్పి, గుడ్డలో చుట్టి, మెహ్‌నాజ్ ఒళ్లో పెట్టుకుని మదనపల్లెకు బస్సులో తెచ్చింది. పదకొండు రోజులు దాని మీదే కూర్చుని బాగు చేసింది. రేకులు మార్చడం, రంగు వేయడం, కాగితాలు గంగాధరం పేరుకు మారడం, అన్నిటికీ నాలుగు నెలలు పట్టింది. జనవరిలో పడవ మల్పే నుంచి కొచ్చికి బయలుదేరింది. మొదటి ప్రయాణానికి ఇంజన్ దగ్గర తానుంటానని మెహ్‌నాజే అడిగింది. బకెట్ మరచిపోలేదు.

రెండో రోజు మధ్యాహ్నం, గాలి లేచిన వేళ, ఇంజన్ స్వరం సన్నగా తగ్గింది. గంగాధరానికి తెలియలేదు. మెహ్‌నాజ్‌కు తెలిసింది. కిందికి దిగి చూస్తే, మరమ్మతులో వేసిన కొత్త గొట్టాల్లో మిగిలిన చెత్త వచ్చి ఫిల్టరుకు అడ్డం పడింది. పక్కనే రెండో ఫిల్టరు సిద్ధంగా పెట్టుకుంది కాబట్టి డీజిల్‌ను దాని వైపు తిప్పి, మొదటిది విప్పింది. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా కమ్మీ పట్టుకుంది, నిలబడినప్పుడు మర తిప్పింది. ఇంజన్ ఆగలేదు. గంగాధరం మెట్ల పైనుంచి వంగి చూస్తూ ఉన్నాడు. దిగి సాయం చేయబోయి, ఆమె చేతులు చూసి, ఆగిపోయాడు. పని ముగిశాక, "మా ఓడలో నీలాంటోళ్లు ఉండి ఉంటే ఆ పొద్దు ఇంజన్ ఆగేది కాదు," అన్నాడు.

కొచ్చిలో ఆమె దిగిపోయింది. వాళ్లు మాల్దీవులకు బయలుదేరేముందు ప్రమీల అడిగింది, నువ్వు కూడా రారాదా అని. పాస్‌పోర్టు లేదంది మెహ్‌నాజ్. అక్కడ దొరికే మెకానిక్కులకు ఈ పాత పంపు తెలియదని, ఏడాదికొకసారి మెహ్‌నాజే వచ్చి చూడాల్సి వస్తుందని గంగాధరం అన్నాడు. ఆయన ఉత్తగా అనే మనిషి కాదని ఆమెకు అప్పటికి తెలుసు.

వేసవిలో మాల్దీవుల్లోని మాలే రేవు నుంచి ప్రమీల ఫొటో పంపింది. వంటగది కిటికీలోంచి తీసింది. నీళ్లు, దూరంగా ఒక దీవి. కింద రాసింది: "మ్యాపులో ఏలు పెట్టే పని లేదు ఇప్పుడు."

మెహ్‌నాజ్ ఆ వారమే పాస్‌పోర్టుకు అర్జీ పెట్టింది. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ షాపులో విప్పి ఉన్న పంపులను, ఆమె చేతుల మసినీ చూసి, కాగితం మీద పెన్ను ఆనించి అడిగాడు.

"యాడికి పోతాండారమ్మా? మక్కాకు ఉమ్రాకా?"

"అల్లా పిలిస్తే దానికీ పోతాను," అంది మెహ్‌నాజ్. "ఇప్పటికి మాలేకు. ఆడొక పడవ సర్వీసుకు ఉండాది."

కానిస్టేబుల్ ఆమెను ఒకసారి చూసి, అలాగే రాసుకున్నాడు.