దాలమ్మ ఎంచని కుక్క

డబ్బున్నవాళ్ళు కుక్కను ఎలా ఎంచుకుంటారో చూశాక దాలమ్మకు మనుషుల మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది. ఆమె ఉద్దానంలో ఓ జీడితోటకు కాపలా మనిషి. తోట కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేసే ఢిల్లేశ్వరరావుది. దాలమ్మ కొడుకు గోవింద్ మూలపేటలో కొత్త పోర్టు పనికి పోయి వారానికోసారి వస్తాడు. దాలమ్మ, కోడలు రమణి తోటలోనే రేకుల ఇంట్లో ఉంటారు. ఎండాకాలంలో జీడిపిక్కలు రాలే రోజుల్లో తెల్లవారుతూనే చెట్ల కిందికి వెళ్ళి ఏరుకురావడం వాళ్ళ పని.

పని చిన్నదే గాని, ఆ తోటల్లో మనిషి ఒక్కడే తిరగడు. తిత్లీ తుఫానుకు చెట్లు కూలిపోయి, కొండల్లో తిండి తగ్గాక ఎలుగుబంట్లు ఊళ్ళ అంచులకొచ్చి మకాం పెట్టాయి. జీడిపండు మాగిన వాసనకు, పనస వాసనకు తెల్లవారుజామునే దిగుతాయి. పొదలోంచి లేచిన ఎలుగుకు ఎదురుపడ్డవాడు బతికి బయటపడ్డా వాడి ముఖం ముఖంలా ఉండదు. అందుకని పిక్కలేరేవాళ్ళకు ముందు నడవడానికి ఒక కుక్క కావాలి. ఏ కుక్క పడితే ఆ కుక్క పనికిరాదు.

అది ఎంచడంలో దాలమ్మది అందెవేసిన చెయ్యి. చుట్టుపక్కల ఎవరింట కుక్క ఈనినా, పిల్లలు గెంతే వయసుకు రాగానే ఆమెను పిలిచేవారు. ఆమె ఓ సత్తు పళ్ళెం తీసుకుని పిల్లల మధ్య ధడాలున పడేసేది. తల్లి పొట్ట కిందికి దూరిన పిల్లను పక్కకు నెట్టేది. పళ్ళెం మీదికి ఎగబడిన పిల్లను, అది ఎంత ముద్దుగా ఉన్నా సరే, దాన్నీ పక్కకు నెట్టేది. రెండడుగులు వెనక్కి వేసి, అక్కడ నిలబడి, పళ్ళెం కేసి చూస్తూ మొరిగే పిల్ల ఏదైతే దాని మెడకే తాడు. ఎగబడే కుక్క ఎలుగు గోళ్ళకు చీలిపోతుంది. భయపడే కుక్క దానికంటే ప్రమాదం. ఎలుగును రెచ్చగొట్టి, తిరిగి మనిషి కాళ్ళ మధ్యకే పరిగెత్తుకొస్తుంది, వెనకే ఎలుగునూ తెస్తుంది. కావలసింది దూరాన నిలబడి, చోటు మారుస్తూ మొరిగే కుక్క. మొరిగే కుక్క కరవదని లోకమంతా వెక్కిరిస్తుంది కదా, కరవమని ఎవరు అడిగారని దాలమ్మ అనేది.

అలా ఎంచిన ఆడకుక్కే కర్రి. ఒళ్ళంతా నలుపు, ఒక చెవి చిరిగింది. ఆరేళ్ళుగా అత్తాకోడళ్ళ ముందు అదే నడుస్తోంది. అది ఆగితే వీళ్ళు ఆగేవారు, అది మొరిగితే వచ్చిన దారినే వెనక్కి వెళ్ళేవారు. కర్రి లేకుండా రమణి తోటలో అడుగు పెట్టిన రోజు లేదు.

ఢిల్లేశ్వరరావు ఎంపిక ఇంకో తీరు. వానాకాలంలో దాలమ్మ అతని ఫ్యాక్టరీకి పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది గనక ఆ వైభవమంతా కళ్ళారా చూసింది. మొదట ఆయన భార్య జగదాంబ ఫోన్లో ఏదో ప్రకటన చూసి ముచ్చటపడిందని ముక్కు అణిగిపోయిన కుక్కపిల్లను తెచ్చారు. అది ఊపిరాడక గురగురమంటుంటే ఆ చప్పుడు భరించలేక ఆవిడే డ్రైవరుకు ఇచ్చేసింది. తరువాత ఎదురింటి వ్యాపారి తెచ్చాడని మంచు దేశపు కుక్కను తెచ్చారు. నీలం కళ్ళు, చేటెడు బొచ్చు. పిక్కలు ఉడికించే బాయిలర్ పక్కన దాన్ని కట్టేస్తే, పలాస ఎండకు నాలుక బెత్తెడు బయట పెట్టి రెండో వేసవికి చచ్చిపోయింది. ఫోటోలు మాత్రం బాగా పడ్డాయని ఢిల్లేశ్వరరావు నలుగురిలో అంటుంటే దాలమ్మ చెవిన పడింది. పిల్లకు సంబంధం చూసినా ఇంతకంటే నాలుగు మాటలు విచారిస్తారు గదా అనుకుంది.

మూడోది రాట్‌వీలర్. టెక్కలిలో గ్రానైట్ వ్యాపారం చేసే బావ గృహప్రవేశానికి వెళ్తే, వచ్చినవాళ్ళంతా ఇంటిని వదిలేసి ఆయన కుక్కతో ఫోటోలు దిగారట. తిరుగుదారిలోనే ఢిల్లేశ్వరరావు నిర్ణయించేశాడు. కారు నలుపు, కుక్క నలుపు, జత కుదురుతుందని కూడా అన్నాడట. దూడంత మగకుక్క వచ్చింది. పేరు కింగ్. పూటకో కోడి తినేది, ఒంటికి పౌడరు కూడాను. కరెంటు మీటరు చూడటానికి వచ్చినతని కాలి పిక్క పట్టేసరికి ఇంట్లో ఉంచే వీలు లేకపోయింది. ఎలుగుబంట్ల మీదికి అదే సరైన మొనగాడని చెప్పి ఏప్రిల్ నెలలో తోటకు తెచ్చి దించాడు.

కారు దిగుతుండగా పక్క చెట్టు నుంచి ఎండు కొబ్బరిమట్ట ఒకటి దబ్బున పడింది. కింగ్ గిర్రున తిరిగి ఢిల్లేశ్వరరావు కాళ్ళ మధ్యకు దూరింది. తనను వదిలి ఉండలేదని, అంత ప్రేమని ఆయన నవ్వుతూ దాని తల నిమిరాడు. దాలమ్మ చూసింది ప్రేమను కాదు. ఈ కుక్క తోటకు పనికిరాదని అప్పుడే, ఆయన ముఖం మీదే చెప్పింది. ఆయన వినిపించుకోకుండా ఇంకో మాట బయటపెట్టాడు. దీనికి ఆడజతను విశాఖపట్నం నుంచి తెప్పిస్తున్నాడు, పుట్టబోయే పిల్లల కోసం ఇప్పటి నుంచే జనం అడుగుతున్నారు. అంచేత కర్రి తోటలో ఉండకూడదు.

"ఆ ఊరకుక్కతో కలిస్తే జాతి సెడిపోద్ది. ఎక్కడైనా వదిలీ" అన్నాడు.

"పిక్కల రోజులు బాబూ. అది ముందు నడవకపోతే కోడల్ని తోటలోకి ఎలాగ పంపేది?"

"ఇంత కుక్కనిచ్చినా నీకు సాలదేటి? ఒల్లకపోతే సెప్పు, తోటకి వేరేవాళ్ళని పెట్టుకుంటాను."

జాతి! కూలి మనిషి ముఖం ఏమైపోయినా ఫరవాలేదు, కుక్క జాతి చెడకూడదు. దాలమ్మ నోట్లోకి వచ్చిన ఉమ్మిని మింగేసింది. తోట పోతే రేకుల ఇల్లూ పోతుంది, ఇంకో చోట పని దొరికే వయసా? సరే బాబూ అంది. ఆ రోజు ఆమెకు అందరికంటే ఎక్కువ రోత పుట్టింది తన మీదే.

మర్నాడు తెల్లవారకుండానే కర్రిని ఆటోలో ఎక్కించుకుని సముద్రం ఒడ్డు పల్లెకు బయల్దేరింది. అక్కడ ఆమె ఎరిగిన ధనలక్ష్మి ఉంది, మొగుడు వేటకు పోతాడు, చేపల ఇంట్లో కుక్కకు తిండికి లోటుండదు. తను వచ్చేదాకా తోటలోకి దిగవద్దని రమణికి రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళింది. కాని కాసేపటికి మబ్బు కమ్మింది. పిక్క తడిస్తే నల్లబడుతుంది, నల్లబడితే ఢిల్లేశ్వరరావు నోటికి జడవాలి. రమణి కింగ్ తాడు చేతికి చుట్టుకుని బుట్ట పట్టుకుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమంటే అదే.

మూడో వరస దాటాక ఎలుగు లేచింది. కింగ్ తాడు లాక్కుని ముందుకు దూకింది, రెండు అరుపులు అరిచింది. ఎలుగు వెనక కాళ్ళ మీద నిలబడేసరికి కుక్క గిర్రున తిరిగి రమణి వైపు పరిగెత్తుకొచ్చింది, వెనకే ఎలుగు వచ్చింది. పక్క తోటవాళ్ళు డబ్బాలు వాయిస్తూ అరుచుకుంటూ వచ్చేలోగా అంతా అయిపోయింది. రమణి నుదురూ ఎడమ చెంపా చీలిపోయాయి. ఎడమ కన్ను పోయింది.

దాలమ్మ టెక్కలి ఆస్పత్రికి చేరేసరికి అందరి ఫోన్లలోనూ ఒక ఫోటో తిరుగుతోంది. మెడ నిండా నెత్తురుతో కింగ్ నిలబడి ఉంది. ఎలుగుబంటితో పోరాడి కాపలా మనిషి ప్రాణం నిలిపిన వీరుడని కింద రాసి ఉంది. కుక్క ఒంటి మీద గోటి గీత లేదు. ఆ నెత్తురు రమణిది. రమణిని బండిలోకి ఎక్కించకముందే ఎవరో ఆ ఫోటో తీశారని పక్క తోటవాళ్ళు చెబితే దాలమ్మకు నిజంగానే వాంతి వచ్చింది, వరండా చివరికి వెళ్ళి కక్కుకుంది.

మూడో రోజు గోవింద్ మందుల కోసం బయటికి వెళ్ళినప్పుడు ఢిల్లేశ్వరరావు వచ్చాడు. వెంట శ్యాంసుందర్ అని మందస వైపు తోటలున్న ఆసామి. గుమ్మంలోనే ఢిల్లేశ్వరరావు దాలమ్మను పక్కకు పిలిచి, ఆస్పత్రి సంగతి అంతా తనే చూసుకుంటాననీ, పనికి ఢోకా లేదనీ, ఎవరడిగినా కుక్క అడ్డం పడిందని ఒక్క మాట చెబితే చాలుననీ మెల్లగా చెప్పాడు. శ్యాంసుందర్ చెడ్డవాడిలా లేడు. తన తోటలో మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు కాపలా ఉన్నారట. వాళ్ళ కోసమే కింగ్‌కు పుట్టబోయే పిల్లల్లో ఒకదాన్ని చెప్పి ఉంచుకుందామని వచ్చాడు. నిజంగా అంత పని చేసిందా ఆ కుక్క అని అడిగాడు.

దాలమ్మ ఢిల్లేశ్వరరావు ముఖం చూసింది. ఊ అంటే ఇల్లు నిలుస్తుంది, కోడలికి వైద్యం నిలుస్తుంది. ఊ అంటే ఆ మందస ఆడగుంటలిద్దరూ రేపు ఇలాంటి కుక్కనే పట్టుకుని తోటలోకి వెళ్తారు. ఒకసారి సరే బాబూ అన్నందుకు ఏమైందో మంచం మీద కనబడుతూనే ఉంది. ఆమె శ్యాంసుందర్‌ను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

"అమ్మా రమణీ, ఎలుగు మీద పడినప్పుడు కుక్క ఎక్కడుందో ఈ బాబుకి సెప్పు."

కుట్ల వల్ల రమణి నోరు సగమే తెరుచుకుంటోంది.

"నా ఎనకాల" అంది.

శ్యాంసుందర్ అయ్యో అన్నాడు. తరువాత ఇద్దరూ వరండాలోకి వెళ్ళారు. కిటికీ పక్కనే గనక మాటలు లోపలికి వినబడుతున్నాయి.

"తోటకి వద్దులే బావా. ఇంటికాడ గేటు దగ్గరకి బాగుంటాది. పిల్లల్లో మగది, కళ్ళ మీద చుక్కలు బాగా పడ్డది నాకుంచు" అంటున్నాడు శ్యాంసుందర్.

ఢిల్లేశ్వరరావు మళ్ళీ లోపలికి వచ్చాడు. బేరం చెడలేదు గనక పెద్ద కోపంగా కూడా లేడు. మూడు రోజులుగా పిక్కలు చెట్ల కింద పడి ఉన్నాయని, రేపటి నుంచి తోటలోకి ఎవరు దిగుతారో చెప్పమని అడిగాడు. దాలమ్మ కొంగు ముడి విప్పి గేటు తాళంచెవి తీసింది. చేతికి ఇవ్వడం కూడా అసహ్యమనిపించి, మంచం పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"మీ కింగు సేత ఏరించుకోండి బాబూ" అంది.